కరడుగట్టని బుద్ధి

అనకాపల్లి పట్టణమునకు చేరువలో, శంకరము గ్రామపు పొలిమేరయందు, బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు చిన్న గుట్టలు కలవు. 1906 ప్రాంతమున అలెగ్జాండరు రే అను పురావస్తు పరిశోధకుడు అచట త్రవ్వకములు జరిపించి, రాతిలో తొలిచిన గుహలను, కొండరాతినే మలచి నిలిపిన స్తూపములను, బౌద్ధభిక్షువులు నివసించిన విహారపు గదుల పునాదులను వెలికిదీసెను. థేరవాదులు, మహాయానులు, వజ్రయానులు, అనగా ఒకరి సిద్ధాంతమును మరియొకరు ప్రశ్నించిన మూడు సంప్రదాయములవారు, శతాబ్దముల తరబడి ఆ గుట్టలనే ఆశ్రయించియుండిరని చరిత్రకారులు చెప్పుదురు. వాదములు పుట్టి, పెరిగి, రూపు మార్చుకొన్న ఆ కొండపైననే, కనుమనాటి తీర్థమునకు వచ్చిన జనులు, బొజ్జవలె ఉబ్బియున్న ఒకానొక కట్టడపు భాగమును రాక్షసుని ఉదరమని నమ్మి, దానిపై రాళ్లు రువ్వెడి ఆచారము మొన్నమొన్నటిదాక సాగినది. రాయి విసరినవాడెవ్వడును దుర్మార్గుడు కాడు. తాత విసరెను, తండ్రి విసరెను, తానును విసరెను, అంతియే. ప్రాచీన సంపదయెడ అభిమానము గలవారును, అధికారులును పూనుకొని, అది యేమి కట్టడమో, ఎవరు కట్టినదో తెలియజెప్పిన పిమ్మట ఆ చేతులు ఆగినవి.

ఆచారము పుట్టిన తీరుకన్న అది ఆగిన తీరే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. ఆలోచనకు అలవాటు శత్రువని పెద్దలు చెప్పుదురు. నిజమే. కాని ఆ శత్రువును గెలుచుటకు ఎన్నడో ఒకనాడు కలిగెడి మెలకువ చాలదనియు, దానికి మరియొక అలవాటే, అనగా తాను నమ్మినదానిని తానే మరల విప్పి చూచుకొనెడి దైనందినాభ్యాసమే, కావలయుననియు నా అభిప్రాయము. బుద్ధికి చురుకుదనము పుట్టుకతోనే అబ్బునేమో. మెత్తదనము మాత్రము సాధనవలన గాని రాదు. ఈ మాటకు నిదర్శనము వెదకుటకై దూరము పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లా నేలయే దానిని చూపును.

అలవాటును నిందించుటకు ముందు దాని ఉపకారమును ఒప్పుకొనుట న్యాయము. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1890లో ప్రకటించిన తన మనస్తత్త్వశాస్త్ర గ్రంథమున అలవాటునకు ఒక అధ్యాయమునే కేటాయించి, నిత్యకృత్యములను దానికి అప్పగించిననే గాని మనస్సునకు ఉన్నతమైన పనులకు తీరిక చిక్కదని వాదించెను. చొక్కా గుండీ పెట్టుకొనుటకు ప్రతి ఉదయమును ఆలోచింపవలసివచ్చినవాడు మధ్యాహ్నమునకు గాని ఇల్లు కదలడు. చిక్కెక్కడ వచ్చుననగా, చేతులకు మేలుచేసిన ఈ ఏర్పాటు అభిప్రాయములకు ప్రాకినపుడు. 1942లో అబ్రహాము లూచిన్సు అను పరిశోధకుడు దీనినే ఒక చిన్న లెక్కతో ఋజువు చేసెను. 21, 127, 3 కొలతలు పట్టెడి మూడు పాత్రలిచ్చి సరిగా 100 కొలతల నీరు తెమ్మనిన, 127 పట్టు పాత్రను నింపి, అందుండి 21 ఒకసారియు, 3 రెండుసార్లును వంపివేయవలెను. ఇదే తీరున తేలెడి లెక్కలను వరుసగా కొన్ని చేయించి, పిదప 23, 49, 3 కొలతల పాత్రలతో 20 తెమ్మనినపుడు, 23 నుండి 3 తీసివేసిన చాలునను సంగతి పసివానికైనను తట్టవలసియుండగా, అనేకులు 49 నింపి, 23 తీసి, 3 రెండుమార్లు తీసి, ఊరంతయు చుట్టి అదే ఇంటికి వచ్చిరి. వారు లెక్కలు రానివారు కారు. లెక్క వచ్చియుండుటయే వారికి అడ్డుపడినది.

ఈ లెక్కను బెల్లము వండువానికిచ్చిన నేమగునో చెప్పజాలను గాని, అతని పెనము దగ్గర మాత్రము నిన్నటి లెక్క నేడు చెల్లదు. గానుగాడిన చెరకురసమును పెనమున పోసి, ఆ చెరకు పిప్పినే మంటకు ఎగదోయుచు, సున్నము వేసి మడ్డి విరిచి, పైకి తేలిన తెట్టును ఎప్పటికప్పుడు తీసివేయుచు, పాకము పదునునకు వచ్చిన క్షణమును కనిపెట్టి దించుట అతని పని. మొక్కతోట రసము ఒక తీరున ఉడుకును. కార్శితోట రసము మరియొక తీరున. వానకు మునిగి తేలిన చేని రసమైతే వంటవాని ఓర్పునే పరీక్షించును. అందుచేత అతడు గడియారమును చూడడు. నురుగు రంగును చూచును, బుడగల చప్పుడు వినును, చల్లని నీటిలో పాకపు చుక్కను వైచి వ్రేళ్ల నడుమ ఉండకట్టి చూచును. సందేహమున్న మరల చూచును. నిన్న వండిన బెల్లమెంత బాగుగా కుదిరినను నేటి చుక్కను నీట వేయకమానడు. ఏండ్ల అనుభవము అతనికి ఇచ్చినది నిశ్చయము గాదు, ఎప్పుడు పరీక్షింపవలెనో తెలిసిన చూపు.

అదే బెల్లము, దిమ్మలై, బండ్లకెక్కి, ముజఫర్‌నగరము పిదప దేశమున పేరు చెప్పుకొనదగిన అనకాపల్లి మార్కెట్టునకు చేరునప్పటికి, కథ తలక్రిందులగును. అచట కొనువాని కన్ను రంగునకు అలవాటు పడియున్నది. పసుపుపచ్చగా మెరసినది మొదటి రకము. నలుపు తిరిగినది కడపటి రకము. ఈ కన్ను కోరినది ఇచ్చుటకై రైతు పెనములో హైడ్రోసు అను రసాయనమును కలుపుట నేర్చెను. రంగు వచ్చినది, దానితో అనుమానమును వచ్చినది. నేడు రసాయనము కలుపని బెల్లమని ముదురు రంగు దానినే వెదకి, ఎక్కువ వెల యిచ్చి కొనెడివారు పట్టణములలో బయలుదేరిరి. మంచి బెల్లమునకు గుర్తనుకొన్న రంగే కొందరికి కల్తీకి గుర్తయినది! రుచి చూచెడివాడొక్కడు మొదటినుండియు పక్కన నిలిచియుండినచో ఇంత తిరుగుడు పనిలేకపోవునేమో.

ఊరిలో మరియొక చోట, 1913లో స్థాపింపబడిన చెరకు పరిశోధన కేంద్రమున, ఈ పునఃపరీక్షయే వృత్తిగా సాగుచున్నది. అచట రూపొందిన వంగడముల పేళ్లలో కనబడు ‘ఎ’ అను అక్షరము అనకాపల్లికి గుర్తు. ఎంత మేలైన వంగడమైనను, కొన్ని ఏండ్లు రాజ్యమేలిన పిమ్మట, ఎర్రకుళ్లు తెగులు దానికి లోబడని కొత్త రూపము దాల్చి వచ్చి పడును. కావున నేటి వంగడము చేలలో కళకళలాడుచుండగనే దాని వారసుని మళ్లలో పెంచుచుండవలెను. గెలిచినదానిని అనుమానించుట అచట అపచారము కాదు, నెలజీతపు పని.

ఇక మనుష్యుని విషయమునకు వత్తము. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లాయైనపుడు దాని హద్దులలోనికి వచ్చిన పల్లెలలో ఎస్. రాయవరము ఒకటి. గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న అచటనే, మేనమామగారి ఇంట, జన్మించిరి. ఆయన జీవితములో చాలభాగము గడచినది విజయనగరములోనే గాని, పుట్టినగడ్డ పుణ్యమును వదలుకొనుటకు మావారెవ్వరును సిద్ధముగా లేరు. (ఆయన వ్యావహారికము కొరకు పోరాడిన మహనీయుడు గదా, ఆయనను గూర్చి ఇట్టి భాషలో వ్రాయుచున్నావేమని పాఠకుడు నవ్వవచ్చును. నవ్వుటకు ఆయనయు కలిసెడివాడే.)

గురజాడవారిని సంస్కర్తయనియు, యుగకర్తయనియు పొగడుటకు మనము అలవాటుపడితిమి. నాకాయనయందు గొప్పగా తోచునది, ఆయన తన పనిని తానే తిరుగదోడుకొన్న పద్ధతి. యౌవనమున ఆయన ఇంగ్లీషున కవిత్వము వ్రాసెను. 1883లో ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో వెలువడిన ఆయన ‘సారంగధర’ను చదివి మెచ్చుకొన్న కలకత్తా పత్రికాసంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మెచ్చుకొనుచునే, మాతృభాషలో వ్రాయవలసినదని హితవు పలికెను. ఇరువదియొక్క యేండ్ల యువకునకు దూరదేశమునుండి వచ్చిన పొగడ్త ఎంత మత్తు కలిగించునో ఊహింపవచ్చును. పొగడ్తను ఉంచుకొని హితవును పారవేయుట లోకరీతి. ఆయన హితవును ఉంచుకొనెను.

తరువాత కన్యాశుల్కము. చిన్నపిల్లలను ముసలివారికి అమ్ముకొను దురాచారమును గూర్చి నాటకము వ్రాయబూనిన రచయితకు ఆవేశము చాలునని మనమనుకొందుము. విజయనగర మహారాజు ఆనందగజపతి ఆజ్ఞచే విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన అట్టి వివాహములను లెక్క గట్టించిరి. మొత్తము 1,034, అనగా ఏటికి సగటున 344. పెండ్లికూతుండ్రలో ఏడాది పసికందులు సైతము ఉండిరి. ఈ లెక్కను గురజాడవారు 1897లో అచ్చయిన తొలి కూర్పు పీఠికయందు చేర్చెను. ‘అందరును అట్లే చేయుచున్నారు’ అను మాట మన నోట రోజునకు పదిసార్లు దొర్లును. అందరనగా ఎందరు అని ఒక్కమారు అడుగుకొనెడి అలవాటు, ఆ పీఠిక చదివినవానికైనను అబ్బవలసినది.

1892లో విజయనగరపు రంగస్థలముపై ఆ నాటకము ఆడబడి, జనులచే ఆదరింపబడి, పుస్తకమై వెలువడినది. మరియొకరైనచో అంతటితో తృప్తినందియుండెడివారు. గురజాడవారు ఆ అయిదంకముల నాటకమును విప్పి, పెంచి, ఏడంకములుగా తిరిగి కట్టి, 1909లో రెండవ కూర్పుగా ప్రకటించిరి. తొలి కూర్పున అంత ప్రాధాన్యము లేని వేశ్య మధురవాణి రెండవదానియందు నాటకమునకే ఇరుసుగా నిలిచెను. వేశ్యల మొగము చూడరాదని వ్రతము పట్టిన సౌజన్యారావు పంతులు ఎదుటికి ఆమె మగవేషమున వచ్చి కూర్చుండి, ఆ సజ్జనుని నిశ్చయములను ఒక్కొక్కటిగా తట్టి చూచును. సంస్కరణమునకై వ్రాసిన నాటకమున సంస్కర్తయే ప్రశ్నకు గురియగుట తొలి ఆలోచనకు తోచెడిది కాదు. పదునేడేండ్లు ఒకే వస్తువును విడువక చూచుచు, మనుష్యులు మాటలాడు తీరును చెవియొగ్గి వినుచు, దినచర్యలలోను, ఉత్తరములలోను తన భావములను తనకే వినిపించుకొనుచు వచ్చిన పిదప గాని అట్టి ఘట్టము పుట్టదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. మెత్తని బుద్ధియే మేలైన బుద్ధియైనచో కన్యాశుల్కములోని గిరీశమును మించినవాడెవడు? చుట్ట కాల్చుటకు పద్యము, వితంతువును లోబరచుకొనుటకు సంస్కరణోపన్యాసము, పూటకూళ్లమ్మను తప్పించుకొనుటకు మంచము క్రింద చోటు. ఏ సందర్భమునకు ఏది కావలయునో అది ఆతనికి తక్షణమే స్ఫురించును. ఆతని వద్ద చదువుకొను వెంకటేశము కన్న మనమే ఆతనికి ఎక్కువ శిష్యులము. తేడా యెక్కడనగా, గిరీశము ఎన్ని వాదములు మార్చినను, ఆ మార్పులన్నియు ఆతడు ముందే కోరుకొన్నదానికి కాపలా కాయుటకే. ఆతని కోరిక మాత్రము ఒక్కనాడును పరీక్షకు నిలువదు. ఆతనిని సృష్టించిన రచయితయో, పట్టుదల విడువకుండగనే వ్రాసినదానిని మార్చెను. మన ఇండ్లలోను, కార్యాలయములలోను తెలివిగా చలామణి యగునది చాలవరకు మొదటి రకము. వాదనలో గెలుచుట ఎంత సులభమైనవానికి తన తప్పు తెలియుట అంత కష్టము. వానికి ఎదురుచెప్పువారు క్రమముగా విసిగి మౌనము వహింతురు గనుక.

ఎదురుచెప్పువారు ఉండవలెనను విషయమున మన పూర్వులు మిక్కిలి జాగరూకులు. శాస్త్రగ్రంథములలో సిద్ధాంతము చెప్పుటకు ముందు పూర్వపక్షమును చెప్పుదురు; అదియు ఎదుటివాని మాటను వంకరచేసి కాదు, ఆతడే చదివి తల యూపదగినంత బలముగా చెప్పుదురు. గురజాడవారు బి. ఏ. పట్టమునకు తత్త్వశాస్త్రమును, దానితో సంస్కృతమును చదివినవారు. 1914లో వ్యావహారికమును సమర్థించుచు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఆయన సమర్పించిన అసమ్మతి పత్రమున ఈ శిక్షణ ప్రతి పుటయందును కనబడును. గ్రాంథికమునకు కొమ్ముగాచిన జయంతి రామయ్యపంతులు మొదలగువారి వాదమును ఆయన కోపముతో త్రోసివేయడు. వారు ప్రమాణముగా చూపిన ప్రాచీన రచనలలోనికే ప్రవేశించి, అచటి ప్రయోగములనే ముందుపెట్టి ప్రశ్నించును.

ఆ పోరాటమున ఆయనకు తోడునిలిచిన బాల్యమిత్రుడు గిడుగు రామమూర్తిపంతులు ఈ అభ్యాసమును మరియొక త్రోవన సాధించెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండలలోని సవరల భాషను నేర్వదలచి, సవర భాష తెలిసినవానిని ఇంటనే ఉంచుకొని, తాను శిష్యుడై కూర్చుండెను. వ్యాకరణము లేదని లోకము తలచిన ఆ భాషకు ఎన్ని నియమములున్నవో చెవితో కనుగొన్నవాడు, తన తెలుగును గూర్చి బడిపుస్తకములు చెప్పునది వేరు, ఇంట వినబడునది వేరు అని గ్రహించుట ఆశ్చర్యము కాదు. పరాయి ఇంట కొన్నాళ్లుండి వచ్చిన పిదప గాని స్వగృహపు వాసన తెలియదు. కొత్త భాష నేర్వలేనివారు, తమకు పరిచయము లేని వృత్తివానితో వారమున కొంతసేపు కూర్చుండి, సలహా యీయక, వానికి తెలిసినది అడిగి తెలిసికొనినను ఈ ఫలము కొంత దక్కును.

వ్రాతపుస్తకమును గూర్చి డార్విను చెప్పినది ఇచట స్మరింపదగును. తన నిర్ణయములకు విరుద్ధమైన సంగతి ఏది కంటబడినను తక్షణమే వ్రాసిపెట్టుకొనుట తన నియమమనియు, ఏలయనగా అనుకూలమైనవానికన్న అట్టివే మనస్సునుండి త్వరగా జారిపోవుననియు ఆయన స్వీయచరిత్రయందు చెప్పుకొనెను. మనలో దినచర్య వ్రాయువారు జరిగినవియు, ఖర్చయినవియు వ్రాయుదురు. ‘ఈ దినము నా నమ్మకమునకు ఎదురు వచ్చినదేమి’ అను ఒక్క పంక్తి చేర్చినచో కాగితము ఎక్కువ పట్టదు. కొన్నాళ్లకు ఆ పంక్తి ఖాళీగా ఉండుట మొదలైనచో, నమ్మకములన్నియు సరియైనవని గాక, చూచుట మానితిమని భావించుకొనవలెను.

1922 జూలై 30న జన్మించిన కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రికి అనకాపల్లిని ఆనుకొనియున్న తుమ్మపాల స్వస్థలము. ఆయన విశాఖపట్టణమున న్యాయవాది. న్యాయవాదవృత్తి మనుష్యుని రెండు విధముల తయారుచేయును: ఏ పక్షమునైనను సమర్థింపగల గిరీశముగా, లేక రెండు పక్షములను వినగలవానిగా. శాస్త్రిగారు రెండవ త్రోవ తొక్కిరి. ‘ఆరు సారా కథలు’ వ్రాయునప్పటికి, సారాయి త్రాగరాదన్న చట్టము మంచిదేనని లోకము నమ్ముచుండగా, ఆ మంచి చట్టము క్రింద ఎవరు బ్రతుకుచున్నారో, ఎవరు చచ్చుచున్నారో, బోనెక్కినవారి నోటి మాటలతోనే ఆయన చూపించిరి. వినుటయే ఆయన పెట్టుబడి.

ఈ అభ్యాసమునకు మూల్యము లేదని చెప్పినచో పాఠకుని మోసగించుటయే యగును. మరల మరల విప్పువాని చేతిలో కొన్ని పనులు విప్పబడియే ఉండిపోవును. గురజాడవారి ‘కొండుభట్టీయము’ ముగియలేదు, ‘బిల్హణీయము’ ముగియలేదు. అసమ్మతి పత్రము సమర్పించిన మరుసటి యేడు, 1915 నవంబరు 30న ఆయన కన్నుమూసెను. అప్పటికి విశ్వవిద్యాలయమున గెలిచినది గ్రాంథికమే. నిశ్చలమైన అభిప్రాయములు గలవాడు ఆ కాలములోనే పది నాటకములు ముగించి, పది సన్మానములు పొందియుండెడివాడు. ఆ పదింటిని మనమిప్పుడు చదువుచుండెడివారమా అనునది వేరు ప్రశ్న. ఏ పాకమును ఎప్పుడు దించవలెనో తెలియనంతగా పరీక్షించువాడును వంటవాడు కాడు. ఆ హద్దు ఎచటనున్నదో చెప్పు సూత్రమేదియు నాకు కనబడలేదు.

ఒక బుద్ధి తన్ను తాను ఎట్లు దిద్దుకొనునో కన్నులార చూడగోరువారికి మాత్రము మంచి సాధనము అందుబాటులోనే కలదు. మరుగునపడిన 1897 నాటి కూర్పును పరిశోధకుడు బంగోరె 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ అను పేర మరల అచ్చువేయించెను. 1909 నాటి కూర్పు ఏ గ్రంథాలయమునందైనను దొరకును. రెంటిని పక్కపక్కన తెరచి, ముందుగా మధురవాణి ప్రవేశించు రంగములను పోల్చి చూచునది. ఆమె మాటలేవి కొత్తగా వచ్చినవో, ఎవరి మాటలు ఆమెకు చోటిచ్చుటకై తగ్గినవో పెన్సిలుతో గుర్తుపెట్టుకొనుచు చదివిన, ఒక ఆదివారము అంతయు దానికే చాలదు.